నేలలో కర్బనం నిలవ – పాడి రైతు చేతిలోని పని

(విశాఖపట్నంలో పాల ఉత్పత్తిదారుల సంఘాల ప్రతినిధులకు జరిపిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల సమావేశమంటే పాల ధర, దాణా ధర, చూడి పరీక్షలు, గాలికుంటు టీకాలు – వీటి గురించే మాట్లాడుకోవటం ఆనవాయితీ. ఈ రోజు నన్ను నేల గురించి మాట్లాడమన్నారు. పాల సంఘానికీ నేలకూ ఏమిటి సంబంధమని కొందరికి అనిపించవచ్చు. సంబంధం చాలా దగ్గరిది. గేదె నోట్లోకి పోయేది నేలనుంచే వస్తుంది. గేదె వెనుకనుంచి వచ్చేది నేలకే పోవాలి. ఈ రెండో భాగం మన ఊళ్ళలో సరిగా జరగటం లేదు. ఆ విషయమే చెప్పదలచుకున్నాను.

బొగ్గు కథ

మీలో చాలామంది గాజువాక మీదుగా వచ్చి ఉంటారు. విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఇవాళ ఆ రేవులో దిగే సరుకులలో ముఖ్యమైనది రాతిబొగ్గు. ఉక్కు కర్మాగారానికి కావలసిన కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా మొదలైన దేశాలనుంచి ఓడలమీద వస్తుంది. ఆ బొగ్గు ఏమిటి? కోట్ల సంవత్సరాలనాడు పెరిగిన చెట్టూ చేమా భూమిలో కూరుకుపోయి, గడ్డకట్టి, నల్లబడిన పదార్థం. అందులో ఉన్నది చాలావరకు కర్బనం. దాన్ని పైకి తీసి కాల్చినపుడు ఆ కర్బనం బొగ్గుపులుసు వాయువుగా మారి గాలిలో కలుస్తుంది. కొలిమి పద్ధతిలో ఒక టన్ను ఉక్కు తయారయితే రెండు టన్నులకు పైగా ఆ వాయువు బయటపడుతుంది. ప్రపంచమంతటా ఇది పేరుకుపోవటంవల్లనే ఎండలు పెరిగాయనీ, వానలు అదను తప్పాయనీ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

ఉక్కు వద్దని నేనటం లేదు. 1966లో విశాఖ ఉక్కు కోసం ఆంధ్రులు ప్రాణాలిచ్చారు. 1971లో శంకుస్థాపన జరిగింది. ఆ ఫ్యాక్టరీకి ఈ చుట్టుపక్కల గ్రామాలవారే పొలాలు అప్పగించారు. నేను చెప్పేది వేరు. కర్బనాన్ని భూమిలోనుంచి తీసి గాలిలోకి వదిలే పని ఒక్క ఫ్యాక్టరీలే చేస్తున్నాయని మనం అనుకుంటాము. మన పొలంలోనూ అదే పని జరుగుతున్నది. పొగ గొట్టం కనబడదు గనుక మనకు తెలియదు. గడ్డి తగలబెట్టినపుడు, పేడ ఎండలో వదిలినపుడు, వేసవిలో నేలను పదే పదే దున్ని బోడిగా ఉంచినపుడు మన నేలలోని కర్బనం కొంచెం కొంచెంగా గాలిలోకి పోతున్నది. ఫ్యాక్టరీవాడు బొగ్గు కాల్చితే ఉక్కు వస్తుంది. మనం నేలను కాల్చుకుంటే మనకు వచ్చేది ఏమీ లేదు.

పాలకు వెన్న, నేలకు కర్బనం

మీ సంఘంలో పాలు పోసినపుడు ఏం చేస్తారు? వెన్న శాతం చూస్తారు, ఎస్.ఎన్.ఎఫ్. చూస్తారు. దాన్నిబట్టి ధర కడతారు. వెన్న ఒక్క పాయింటు, అంటే నూటికి 0.1 తగ్గితే, కార్యదర్శి గారితో ఎంత తగవు పెట్టుకుంటామో అందరికీ తెలుసును. ఆ తగవు న్యాయమైనదే. చూడటానికి రెండు చెంబుల పాలూ తెల్లగానే ఉంటాయి. సంగతి పరీక్షలో తేలుతుంది.

నేల కూడా అంతే. చూడటానికి రెండు చెక్కలూ ఎర్రగానే ఉంటాయి. తేడా సేంద్రియ కర్బనంలో ఉంటుంది. 2015నుంచి ప్రభుత్వం ఇస్తున్న భూసార పరీక్షా కార్డు మీలో చాలామంది ఇళ్ళలో ఉన్నది. అందులో నత్రజని, భాస్వరం, పొటాష్ అన్న వరుసలు చూసి, ఎన్ని బస్తాలు వేయాలో లెక్కగట్టి కార్డు పెట్టెలో పడేస్తాం. అదే కార్డులో సేంద్రియ కర్బనం అని ఒక వరుస ఉంటుంది. అది 0.5 శాతానికి తక్కువైతే తక్కువ అనీ, 0.5నుంచి 0.75 వరకు మధ్యస్థమనీ, 0.75 దాటితే ఎక్కువ అనీ అర్థం. మన ఎర్రనేలల్లో, తేలిక గరపనేలల్లో చాలావరకు మొదటి తరగతిలోనే ఉంటాయి.

పాలలో 0.1 కోసం అడిగే మనం నేలలో 0.1 గురించి ఎప్పుడైనా అడిగామా? ఆ 0.1 విలువ ఎంతో లెక్క చూద్దాం. ఒక ఎకరం నేలలో పైన ఆరేడు అంగుళాల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. అందులో 0.1 శాతమంటే 900 కిలోల కర్బనం. అది గాలిలోకి పోతే సుమారు 3,300 కిలోల బొగ్గుపులుసు వాయువు అవుతుంది. గాలిలోనుంచి తిరిగి నేలలోకి చేరితే అంత వాయువు మన చేలో కట్టి ఉంచినట్టు.

ఈ కర్బనం ఏం పని చేస్తుంది? ఇది సూక్ష్మజీవులకు ఆహారం. మట్టి రేణువులను పట్టి గుల్లగా ఉంచే బంక. వాన పడినపుడు నీరు పైన పారిపోకుండా లోపలికి దిగేటట్లు చేస్తుంది. తేలిక నేలలో తేమను మరికొన్ని రోజులు నిలుపుతుంది. మనం వేసిన ఎరువు వాన నీటితో కొట్టుకుపోకుండా కొంతవరకు పట్టి ఉంచుతుంది. ఒకే వాన కురిసినా ఒక రైతు చేలో చోడి చేను నాలుగు రోజులు ముందుగా వాడిపోయి, పక్క చేను నిలబడటం మీరు చూసే ఉంటారు. రెండు చేలూ ఒకే తీరు నేలలైతే, తేడా ఎన్నేళ్ళుగా ఎవరు గత్తం తోలారన్నదానిలో ఉంటుంది.

ఎందుకు తగ్గింది?

మన ప్రాంతంలో ఎండ ఎక్కువ. వేడికి సేంద్రియ పదార్థం తొందరగా చివుకుతుంది. చలిదేశాలలో పదేళ్ళు ఉండేది మన దగ్గర నాలుగేళ్ళు ఉండదు. ఇది ప్రకృతి. దీన్ని మార్చలేము. మార్చగలిగినవి వేరే ఉన్నాయి.

పూర్వం ఇంటికి నాలుగైదు పశువులుండేవి. ఎరువంటే పెంటకుప్పే. వేసవిలో గత్తం బండ్లు పొలానికి పోవటం ఊళ్ళో పెద్ద పని. ఇప్పుడు దుక్కిటెడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. 1967లో మన విశాఖలోనే కోరమాండల్ ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. బస్తా విప్పి చల్లటం తేలిక. పెంట తోలటానికి కూలీలు కావాలి, బండి కావాలి. క్రమంగా గత్తం మానేశాం.

రసాయన ఎరువే నేలను పాడుచేసిందని కొందరంటారు. ఆ మాట పూర్తిగా సరికాదు. అనంతపురంలో 1985నుంచి వేరుశనగ మీద ఇరవై సంవత్సరాలపాటు ఒకే పొలంలో ప్రయోగం జరిపారు. ఏమీ వేయకుండా పండించిన మళ్ళలో కర్బనం బాగా తగ్గిపోయింది. సిఫారసు చేసిన ఎరువులో సగం వేసి, దానితోపాటు హెక్టారుకు 4 టన్నుల వేరుశనగ పొట్టు కలిపిన మళ్ళు కర్బనంలోనూ దిగుబడిలోనూ ముందున్నాయి. దీనివల్ల తెలిసేదేమంటే, ఎరువు వేయటం తప్పు కాదు. ఎరువు ఒక్కటే వేసి, నేలకు తిండి మానేయటం తప్పు.

ఇంకొక సంగతి వినండి. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే పరిశోధనా క్షేత్రం ఉన్నది. 1843నుంచి ఇప్పటివరకు ఆగకుండా ప్రయోగాలు చేస్తున్నారు. అక్కడ బార్లీ పండించే ఒక మడికి 1852నుంచి 1871 వరకు ఇరవై సంవత్సరాలు ఏటా పశువుల ఎరువు వేసి, ఆ తరవాత పూర్తిగా ఆపివేశారు. వంద సంవత్సరాలు దాటిన తరవాత పరీక్షించినా ఆ మడిలో, ఎప్పుడూ ఎరువు వేయని పక్క మడికంటె, కర్బనం ఎక్కువగానే ఉన్నది. తాత వేసిన గత్తం మునిమనుమడి కాలంలోనూ లెక్కకు వచ్చింది. అది చలిదేశం గనుక అన్నాళ్ళు నిలిచింది. మన దగ్గర అంత నిలవదు. కాని ఏటా కొంచెం వేసుకుంటూ పోతే మన దగ్గరా పెరుగుతుంది. ఆపితే తగ్గుతుంది. పాలచుక్క ఎండనీయకుండా గేదెను మేపినట్టే దీన్నీ మేపాలి.

రెండు గేదెల లెక్క

ఇప్పుడు మన లెక్క మనం వేసుకుందాం. ఒక గేదె రోజుకు సుమారు 12 కిలోల పేడ వేస్తుందనుకుందాం. ఏడాదికి 4,380 కిలోలు. అందులో నూటికి 80 వంతులు నీరు. ఎండు పదార్థం సుమారు 875 కిలోలు. దానిలో కర్బనం సుమారు 350 కిలోలు. రెండు గేదెలున్న ఇంటికి ఏడాదికి 700 కిలోల కర్బనం దొడ్లోనే పుడుతున్నదన్నమాట.

ఇదంతా నేలలో నిలుస్తుందా? నిలవదు. గొయ్యిలో చివికేటప్పుడు సగం పోతుంది. పొలంలో వేసిన తరవాత మిగిలినదానిలో ఎక్కువ భాగం సూక్ష్మజీవులు తినేస్తాయి. చాలాకాలం ఉండేది పావు వంతు అనుకుందాం. అంటే ఏడాదికి 90 కిలోలు. రెండు గేదెల పేడ మొత్తం ఒక ఎకరానికి పదేళ్ళు వేస్తే సుమారు 900 కిలోలు. అంటే ఇందాక చెప్పిన 0.1 శాతం.

పదేళ్ళా అని కొందరు నవ్వుతున్నారు. ఇది ఉజ్జాయింపు లెక్క. నేలనుబట్టి, నీటినిబట్టి మారుతుంది. కాని ఈ పని నిదానమైనదని ముందే చెప్పటం న్యాయం. ఒక్క పంటలో నేల మారిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ పదేళ్ళలో కర్బనంతోపాటు నత్రజని, భాస్వరం, పొటాష్ కూడా ఏటా అందుతూనే ఉంటాయి. ఆ లాభం మొదటి ఏటినుంచే ఉంటుంది.

ఇక పేడ ఎండలో కుప్పగా పడి ఉంటే ఏమవుతుంది? నత్రజని గాలిలోకి, సారం వాన నీటితో వీధి కాలువలోకి పోతుంది. మిగిలేది పీచు. మూత్రం సంగతి చెప్పనక్కరలేదు. పశువు విడిచిన నత్రజనిలో సగం వరకు, పొటాష్‌లో ఎక్కువ భాగం మూత్రంలోనే ఉంటుంది. కొట్టంలో అది నేలలో ఇంకి వృథా అవుతున్నది. పశువు కింద వరిఊక, చెరకు చెత్త, రాలిన ఆకు పరిచి, మర్నాడు ఆ తడిసిన చెత్తను పేడతో కలిపి గొయ్యిలో వేస్తే పోయేదంతా దక్కుతుంది.

గొయ్యి ఎలా ఉండాలి? చెట్టునీడన, నీరు నిలవని మెరక చోట, మూడడుగుల లోతు, ఐదారడుగుల వెడల్పు, మీ పశువులనుబట్టి పొడవు. ఒక కొసనుంచి మొదలుపెట్టి మూడేసి అడుగుల చొప్పున భాగాలుగా నింపుతూ రావాలి. ఒక భాగం నేలమట్టానికి అడుగున్నర ఎత్తు లేవగానే పేడ, మన్ను కలిపి పైన మెత్తి, తరవాతి భాగం మొదలుపెట్టాలి. నాలుగైదు నెలలకు ఎరువు తయారవుతుంది. చేయటానికి డబ్బు అక్కరలేదు. రోజూ పది నిమిషాల శ్రద్ధ కావాలి.

పొయ్యిలోకి ఏమిటి?

ఇలాంటి సమావేశంలోనే ఇదివరకు ఒక పెద్దమ్మ లేచి, "ఏటి బాబూ, పేడంతా గొయ్యిలో ఏసేస్తే పొయ్యిలోకేటి?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ముందుకు పోవటం తప్పు. ఇప్పుడు చాలా ఇళ్ళకు గ్యాసు బండలు వచ్చాయి. అయినా బండ ధరకు జడిసి నీళ్ళు కాచుకోవటానికి, దాణా ఉడకేయటానికి పిడకలు వాడేవారున్నారు. పిడక కాలిస్తే కర్బనం, నత్రజని రెండూ గాలిలోకి పోతాయి. బూడిద మిగులుతుంది.

దీనికి తగిన మార్గం గోబర్ గ్యాసు. మూడు నాలుగు పశువులున్న ఇంటికి 2 ఘనమీటర్ల ప్లాంటు సరిపోతుంది. పేడలోని కొంత కర్బనం వంట గ్యాసుగా పొయ్యిలో మండుతుంది. మిగిలింది ముద్దగా బయటికి వస్తుంది. అందులో నత్రజని పోదు. పొయ్యికి మంట, పొలానికి ఎరువు, రెండూ దక్కుతాయి. వెనకటి రోజులలో కట్టించిన ప్లాంట్లు ఎన్నో పాడుపడి ఉన్నాయనీ, బాగుచేసేవారు లేరనీ మీరంటారు. నిజమే. ఒంటరి రైతు మరమ్మతు చేయించుకోలేడు. అందుకే ఇది సంఘం చేపట్టవలసిన పని.

గుజరాత్‌లో ఆణంద్ జిల్లాలో జకరియాపుర అనే గ్రామం ఉన్నది. అక్కడ జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రోత్సాహంతో మహిళా సభ్యుల పెరళ్ళలో గోబర్ గ్యాసు ప్లాంట్లు పెట్టారు. గ్యాసు ఇంట్లో వాడుకుంటారు. బయటికి వచ్చే పేడముద్దలో తమ పొలానికి సరిపడింది వాడుకుని, మిగిలింది అమ్ముతారు. దాన్ని ఎరువుగా తయారుచేసి విక్రయిస్తున్నారు. పాలు కొలిచి కొన్నట్టే పేడముద్దను కూడా కొలిచి కొంటున్నారు. ఈ పనిని విస్తరించటానికే ఆ సంస్థ 2022లో ఎన్.డి.డి.బి. మృద అనే కంపెనీ స్థాపించింది. పాల సేకరణ నేర్చుకున్న సంఘాలకు పేడ సేకరణ అసాధ్యం కాదు.

అయితే ఒక హెచ్చరిక. పేడ ఊళ్ళో ఉండాలి. ట్రాక్టరువాడు వచ్చి నాలుగు వందలో ఐదు వందలో చేతిలో పెట్టి తొట్టెడు గత్తం చేపల చెరువులకో, దూరపు తోటలకో తోలుకుపోతే, ఆ డబ్బు వారంలో ఖర్చయిపోతుంది. మన గడ్డి తిన్న గేదె పేడ మరొకరి నేలకు పోతుంది. అవసరానికి అమ్ముకునేవారిని నేను తప్పుపట్టను. పొలానికి సరిపడింది ఉంచుకుని మిగిలింది అమ్మమంటున్నాను.

గేదెకా, నేలకా?

వరికోత అయ్యాక గడ్డి పొలంలో కలియదున్నమని వ్యవసాయాధికారులు చెబుతారు. గడ్డి పొలంలో వేస్తే గేదెకేమి పెట్టమని పాడి రైతు అడుగుతాడు. ఇద్దరి మాటా సబబే. నా అభిప్రాయం ఏమంటే, పశుగ్రాసానికి పనికివచ్చే గడ్డి ముందు గేదెకే పెట్టండి. అది పాలిచ్చి, మిగతాది పేడగా తిరిగి ఇస్తుంది. ఆ పేడ పొలానికి చేరితే బాకీ తీరినట్టే. గడ్డీ పోయి, పేడా పోతే నేలకు మిగిలేది మోళ్ళు మాత్రమే. పశువు తినని వాటిని, అంటే చెరకు చెత్త, మొక్కజొన్న దంటు, కంది కట్టె వంటివాటిని తగలబెట్టకండి.

చెరకు మాట వచ్చింది గనుక అనకాపల్లి సంగతి చెబుతాను. అక్కడి పరిశోధనా స్థానం 1913నుంచి చెరకు మీద పనిచేస్తున్నది. నాటిన మూడో రోజున ఎకరాకు టన్నుంబావు చెరకు చెత్త బోదెలమీద పరచమని సిఫారసు ఉన్నది. దానివల్ల తేమ నిలుస్తుంది, పీకపురుగు తగ్గుతుంది, చెత్త చివికి నేలకు కర్బనం చేరుతుంది. ఒక అగ్గిపుల్లతో పోయేదానికి మూడు ఉపయోగాలున్నాయి.

నేలకు కర్బనం చేర్చేవాటిలో వేరు చాలా ముఖ్యం. మనం పైన వేసిన ఎరువుకంటె లోపల పెరిగి చివికిన వేరు ఎక్కువకాలం నిలుస్తుంది. కాబట్టి నేల ఎన్ని నెలలు పచ్చగా ఉంటే అంత మంచిది. వరి తరవాత పిల్లిపెసర చల్లటం మన పెద్దలకు తెలిసిన విద్యే. అది మేతకూ పనికివస్తుంది, పచ్చిరొట్టకూ పనికివస్తుంది. తొలకరికి ముందు జీలుగ, జనుము వేసి పూతదశలో కలియదున్నటం కూడా కొత్త కాదు. గట్లమీద అవిశ, సుబాబుల్, గ్లైరిసిడియా నాటితే అవిశ, సుబాబుల్ ఆకు గేదెకు, గ్లైరిసిడియా రొట్ట పొలానికి పనికివస్తాయి. సుబాబుల్ మాత్రం మిగతా మేతలో కొద్దిగానే కలిపి పెట్టాలి.

మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 ప్రాంతంనుంచి ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నడుపుతున్నది. వానలకు ముందే నవధాన్యాలు, అంటే చిరుధాన్యాలు, పప్పుధాన్యాలు, నూనెగింజలు, ఆకుకూరలు మొదలైన అనేక రకాల విత్తనాలు కలిపి పొడినేలలో చల్లి, ఏడాది పొడుగునా నేలను కప్పి ఉంచటం అందులో ముఖ్యమైన భాగం. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. నేలలో కర్బనం నిలవ గురించి జీవితమంతా పరిశోధన చేసిన రతన్ లాల్ గారు, ఈజిప్టులోని సెకెమ్ సంస్థ ఆ బహుమతిని కలిసి పంచుకున్నారు. రతన్ లాల్ గారికి 2020లో ప్రపంచ ఆహార బహుమతి కూడా లభించింది.

జీవామృతం పోస్తే చాలు, నేలలో కర్బనం పెరిగిపోతుందని కొందరు అనుకుంటున్నారు. ఎకరాకు పోసే జీవామృతంలో పడే పేడ కొద్ది కిలోలే. అందులోనుంచి ఎక్కువ కర్బనం రాదు. కర్బనం వచ్చేది నేలను కప్పిన మొక్కలనుంచి, వాటి వేర్లనుంచి, పరచిన ఆచ్ఛాదననుంచి. నవధాన్యాలు చల్లకుండా, ఆచ్ఛాదన లేకుండా, ఒక్క ద్రావణమే పోసి ఫలితం రాలేదంటే తప్పు ఎక్కడున్నదో గ్రహించండి.

కర్బనం అమ్మకం

ఇప్పుడు అందరూ అడుగుతున్న విషయానికి వస్తాను. "మీ పొలంలో కర్బనం పెంచండి, దానికి మేము డబ్బిస్తాం" అని కొందరు ఊళ్ళకు వస్తున్నారు. ఇది మోసమేనా? అన్నీ మోసం కావు. మన అరకు లోయలోనే దీనికి ఉదాహరణ ఉన్నది. అక్కడ గిరిజన రైతుల పొలాలలో నాంది సంస్థ 2010 ప్రాంతంనుంచి కాఫీ, మామిడి మొదలైన లక్షలాది చెట్లు నాటించింది. దానికి పెట్టుబడి పెట్టినవారు లైవ్లీహుడ్స్ నిధివారు. ఆ నిధిలో ముఖ్య భాగస్వామి ఫ్రాన్సులోని పెద్ద పాల కంపెనీ దనోన్. చెట్లు పీల్చుకున్న కర్బనం లెక్క వారు తీసుకున్నారు. చెట్టూ, కాయా, నేలా రైతువి. 2022లో జిల్లాలు విడిపోయాక అరకు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది.

చెట్టు లెక్క వేరు, నేల లెక్క వేరు. చెట్టును లెక్కపెట్టవచ్చు, చుట్టుకొలత తీయవచ్చు. నేలలో కర్బనం కంటికి కనబడదు. ఒకే చేలో పది అడుగుల తేడాలో మారుతుంది. కొలవటానికి ఖర్చవుతుంది. ఎంత వస్తుందో చూద్దాం. మంచి పద్ధతులన్నీ పాటించి ఎకరాకు ఏడాదికి 100 కిలోల కర్బనం పెంచామనుకోండి. అది 370 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం. టన్నుకు వెయ్యి రూపాయలు ధర పలికిందనుకున్నా ఎకరాకు 370 రూపాయలు. అందులో కొలత ఖర్చు, మధ్యవారి ఖర్చు పోవాలి. మిగిలింది నెల రోజుల పాలవెన్నుకి కూడా సాటిరాదు.

కాబట్టి ఆ డబ్బుకోసం కాగితాలమీద వేలిముద్రలు వేయవద్దు. వేసేముందు ఐదు ప్రశ్నలు అడగండి. ఎన్ని సంవత్సరాల ఒప్పందం? మొదటి ఏడు నేలను ఎవరు, ఎన్ని చోట్ల పరీక్షిస్తారు, ఆ కాగితం మాకిస్తారా? మధ్యలో పంట మార్చినా, పొలం అమ్మినా, కౌలుకిచ్చినా ఏమవుతుంది? వచ్చిన సొమ్ములో రైతు వాటా ఎంత, ఎప్పుడు ఇస్తారు? కరువువల్ల కర్బనం తగ్గితే డబ్బు వెనక్కి అడుగుతారా? జవాబులు తెలుగులో రాసి ఇమ్మనండి. 2024 జనవరిలో కేంద్ర వ్యవసాయ శాఖ ఈ రకం కర్బన వ్యాపారానికి ఒక విధానాన్ని ప్రకటించింది. చిన్న రైతులు విడివిడిగా కాక సంఘంగా చేరితేనే బేరమాడే శక్తి ఉంటుంది. ఆ శక్తి పాల విషయంలో మనకు అనుభవమే.

మరొక నిజం కూడా దాచకూడదు. గేదె నెమరువేసేటప్పుడు మీథేన్ అనే వాయువు వదులుతుంది. ఏడాదికి ఒక గేదె 50 కిలోలకు పైగా వదులుతుందని అంచనా. భూమిని వేడెక్కించటంలో అది ఒకటిన్నర టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానం. మన నేలలో ఏడాదికి నిలిపే కర్బనం దానిముందు చిన్నది. కనుక మన పాలు వాతావరణానికి ఏ భారమూ లేనివని ఎవరైనా డబ్బాకొడితే మనం వంతపాడనక్కరలేదు. ఉక్కు ఫ్యాక్టరీ పొగను మన చేలు మింగేస్తాయనీ అనలేము. ఒక ఎకరంలో పదేళ్ళ కష్టం ఒకటిన్నర టన్నుల ఉక్కు పొగకు సమానం, అంతే. మనం ఈ పని చేయవలసినది మన నేలకోసం, మన పంటకోసం. లోకానికి కలిగే మేలు దానితోపాటు వస్తుంది.

సంఘాలు చేయవలసినవి

ఇంటికి వెళ్ళాక సర్వసభ్య సమావేశంలో పెట్టవలసిన విషయాలు నాలుగు చెబుతాను.

1. సభ్యుల భూసార కార్డులలోని సేంద్రియ కర్బనం అంకెను సంఘంలో ఒక రిజిస్టరులో రాయించండి. మూడేళ్ళకొకసారి అదే చెక్కలో, అదే నెలలో, అదే లోతున మట్టి తీసి పరీక్ష చేయించండి. పాలకు రిజిస్టరున్న సంఘంలో నేలకు కూడా ఒకటి ఉండాలి.

2. పశువులున్న ప్రతి సభ్యుని ఇంట గత్తం గొయ్యి ఉండేటట్లు చూడండి. ఈ పనిలో మహిళా సభ్యులను ముందుపెట్టండి. కొట్టం చూసేది వారే.

3. గోబర్ గ్యాసు ప్లాంట్లున్న నాలుగైదు ఊళ్ళ సంఘాలు కలిసి ఒక మరమ్మతు పనివాణ్ణి ఏర్పాటు చేసుకోండి.

4. జీలుగ, జనుము, పిల్లిపెసర విత్తనాలు అదనుకు ముందే దాణాతోపాటు సంఘంలో నిలవ ఉంచండి. వాన పడ్డాక విత్తనం వెతుక్కుంటే ప్రయోజనం లేదు.

సోదర సోదరీమణులారా! సంఘాలు లేని రోజుల్లో దళారి చెప్పిందే కొలత, ఇచ్చిందే ధర. పాలలో ఏమున్నదో పరీక్షించి చూసుకోవటం నేర్చుకున్నాక మన పరిస్థితి మారింది. నేలలో ఏమున్నదో చూసుకోవటం ఇప్పుడు నేర్చుకోవాలి. ఇందాక చెప్పిన పెద్దమ్మ నా జవాబు విని, "అయితే బాబూ, మా గొయ్యి మేమే తవ్వుకుంటాం గాని, ఏడాది తిరిగాక వచ్చి చూస్తావా?" అని అడిగింది. వస్తానన్నాను. మీ ఊళ్ళకూ వస్తాను. అప్పుడు పాల రిజిస్టరు అడగను. నేల రిజిస్టరు చూపించమంటాను.